‘యూ కెన్ డాన్స్’ పాటల మధ్య వచ్చే ఖాళీకి పరిష్కారం

గుంటూరు బ్రాడీపేటలోని మీ నృత్య తరగతిలో, గాయని, సంగీత నిర్మాత మడోన్నా ‘యూ కెన్ డాన్స్’ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి వినిపిస్తే పాట మారినప్పుడల్లా శబ్దం క్షణం ఆగి పిల్లల అడుగు తప్పుతోందని రాశారు. లోపం మీ ఆంప్లిఫైయర్‌ది కాదండీ. 1987లో వచ్చిన ఈ రీమిక్స్ ఆల్బమ్‌లో పాటలు చాలా వరకు ఒకదానిలోంచి మరొకదానిలోకి ఆగకుండా సాగుతాయి. ఎంపీ3 మాత్రం ధ్వనిని 1152 నమూనాల (క్షణక్షణం తీసిన ధ్వని కొలతల) ముక్కలుగా నిల్వ చేస్తుంది కనుక ఫైలు మొదట, చివర కొంత నిశ్శబ్దం చేరుతుంది. సీడీ నుంచి పాటలను వేవ్ (ధ్వనిని కుదించకుండా ఉంచే) ఫైళ్లుగా తీసుకొని, ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఖాళీ లేకుండా వరుసగా అతికించి, మొత్తాన్ని ఒకే ఫైలుగా భద్రపరచండి. క్రాస్‌ఫేడ్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. అది రెండు పాటల దరువులను ఒకదానిపై ఒకటి వేసి, అంత శ్రద్ధగా కుదిర్చిన లయను చెడగొడుతుంది.