సరదాకి ఫోటోలు తీస్తే రోజూ ఏం ఆనందం ఉంటుంది?

“ఫోటోలు తీసి ఏం సంపాదిస్తావని ఇంట్లో అడుగుతున్నారు, అసలు ఇందులో రోజువారీ ఆనందం ఏముంది, కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ పక్కన పెట్టి కొత్తది కొనాలా” అని అడిగారు. సంపాదన సంగతి నన్నడక్కండి, నాకు దీని మీద ఒక్క రూపాయి కూడా రాలేదు. మిగతా రెండూ చెప్తాను.

నాది గుంటూరు. ఆఫీసుకెళ్లే దారిలో ఒక టీ బండి ఉంది. బండాయన చెయ్యి పైకెత్తి, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి టీ తిరగబోస్తుంటాడు. షటర్ స్పీడు, అంటే కెమెరా వెలుతురుని లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/1000 వంతు పెడితే ఆ ధార చుక్కలతో సహా గాల్లో ఆగిపోతుంది. 1/30కి దించితే అదే ధార పట్టుదారంలా సాగుతుంది. ఫోన్‌లో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్ ఉన్నా ఇది చెయ్యొచ్చు, మోచెయ్యి కదలకుండా బండికి ఆనించుకుంటే చాలు. టీ మీద ఆవిరి కావాలంటే మాత్రం ఎదురెండ ఉండాలి, వెనక నీడగా ఉన్న గోడ ఉండాలి. ఎండ మన వీపు వైపు నుంచి పడితే ఫోటోలో ఆవిరి జాడే ఉండదు. ఈ మధ్య ఆయనే చెప్తున్నాడు, “ఇప్పుడే కాదు సార్, కాసేపాగండి, ఎండ ఇటు తిరగాలి” అని! ఆయనకిచ్చిన ప్రింటు పంచదార డబ్బాకి అతికించి ఉంది. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు.

ప్రింట్లు వేయించండి. 4x6 సైజుకి పెద్ద ఖర్చేమీ కాదు. ఫోన్‌లో పడి ఉన్న వేల ఫోటోలని మనమే మళ్లీ చూడం, కాగితం మీద ఉన్నదాన్ని పక్కింటివాళ్లు కూడా అడిగి చూస్తారు. కాకపోతే కాలనీలో మీ దగ్గర కెమెరా ఉందని తెలిసిందంటే సీమంతాలకీ పుట్టినరోజులకీ ఫ్రీ ఫోటోగ్రాఫర్ మీరే. భోజనం మాత్రం బాగా పెడతారు.

సెలవు రోజుల్లో ఉప్పలపాడు వెళ్తాను, మా ఊరికి దగ్గరే. అక్కడ చెరువులో ఉన్న చెట్ల మీద గూడకొంగలు, అదే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. పక్కనే ఇళ్లు, మనుషులు. కిట్ లెన్స్‌తో పక్షి మొహం దగ్గరగా రాదు, అది నిజమే. అయినా ఎండ ముదిరాక తల్లి కొంగ రెక్కలు సగం విప్పి పిల్లలకి నీడ పట్టడం నేను అక్కడే చూశాను. ఎండ కదిలేకొద్దీ అదీ కొంచెం కొంచెంగా తిరుగుతుంది. చేతిలో కెమెరా లేకపోతే ఓ చుట్టు చుట్టి ఇంటికొచ్చేసేవాణ్ణి. ఒక్క మంచి ఫ్రేమ్ కోసం కాపు కాయబట్టే అదంతా కంటపడింది. ఆ రోజు ఫోటో గొప్పగా రాలేదు గానీ, నాకు అది లోటు అనిపించలేదు.

లైకులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడితే మాత్రం ఈ సరదా కాస్తా టెన్షన్ అయి కూర్చుంటుంది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు అలాగే మానేశారు.

ఇక లెన్స్. కొనేముందు మీరు తీసిన పాత ఫోటోల వివరాలు తెరిచి ఫోకల్ లెంగ్త్, అంటే ఎంత జూమ్‌లో తీశారో చెప్పే అంకె, చూడండి. ఎక్కువ భాగం 55 దగ్గరే ఉంటే 50 ఎంఎం ఎఫ్/1.8 (జూమ్ లేకపోయినా వెలుతురుని ఎక్కువ రానిచ్చే లెన్స్) కళ్లు మూసుకుని కొనొచ్చు, మనుషుల ముఖాలకి బ్రహ్మాండంగా ఉంటుంది. కాకపోతే మీది ఏపీఎస్-సీ, అంటే కాస్త చిన్న సెన్సర్ ఉన్న కెమెరా అయితే ఇంట్లో గదుల్లో ఇరుకనిపిస్తుంది, వెనక్కి జరగడానికి చోటుండదు. 35 దగ్గర ఎక్కువ తీసి ఉంటే 35 ఎంఎం చూడండి. ఎక్కువగా 18 దగ్గరే తీసి ఉంటే ఇప్పుడేం కొనకండి, కిట్ లెన్సే వాడండి.