చెట్టు కింద కుర్చీ వేయకు

అమ్మలూ,

కాన్‌బెర్రా వస్తున్నావని మీ అమ్మ ఫోను చేసింది. చదువు మాట తర్వాత. ముందు నువ్వు కొన్న కెమెరా గురించి, చిలక జాతి పిట్టలైన గ్యాంగ్‌గ్యాంగ్ కకాటూల గూళ్లు ఫొటోలు తీస్తానన్నావని చెప్పింది. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బూట్లు, టోపీ, నీళ్లసీసా సంగతి నీకు చెప్పనక్కర్లేదు.

ఈ గ్యాంగ్‌గ్యాంగ్‌లను ముందు చెవితో వెతకాలి. తెల్ల కకాటూల్లా ఊరు లేచిపోయేలా అరవవు. బిగిసిన బిరడాను సీసాలోంచి మెలితిప్పి లాగినట్టు ఒక కిర్రు, అంతే. చలికాలంలో కొండల నుంచి ఊళ్లోకి దిగుతాయి. చెట్టు మీంచి కాయల తొక్కలు టపటపా రాలుతుంటే తలెత్తి చూడు. మగదానికి ఎర్రటి తల, చెదిరిన కుచ్చు. ఆడదాని తల బూడిద రంగే. ఎడమకాలితో కాయ పట్టుకుని, మీ తాతయ్య వేరుశనగలు ఒలిచినంత తీరిగ్గా తింటాయి. మనిషికి అంతగా బెదరవు. నేను మోసపోయింది అక్కడే.

పన్నెండేళ్ల కిందట, అక్టోబరులో, ఇక్కడి రెడ్ హిల్ కొండ మీద ముసలి నీలగిరి చెట్టు తొర్రలోకి ఆడపిట్ట దూరడం చూశాను. మర్నాడు మడతకుర్చీ తెచ్చి సరిగ్గా ఆ చెట్టు కిందే వేశాను. ఉప్మా డబ్బా కూడా తెరిచాను, నా నిర్వాకం చూడు! పిట్ట పక్క కొమ్మ మీద వాలింది. తొర్రను చూస్తుంది, నన్ను చూస్తుంది, బెరడు కొరుకుతుంది, లోపలికి మాత్రం పోదు. ఫొటో కోసమే నిలబడిందని మురిసిపోయాను. గంటన్నర! ఆ మర్నాడూ అదే తంతు. మూడోనాటి సాయంత్రం తొర్రలోంచి పోసమ్, అదే, చెట్టు తొర్రల్లో కాపురముండే చిన్న జంతువు, మొహం బయటపెట్టింది. పిట్టకు ఆ తొర్ర దక్కలేదు. నా వల్లేనని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

తొర్ర పడాలంటే చెట్టుకు వందేళ్లు పైబడాలి. 2019-20 కార్చిచ్చుల్లో అలాంటివెన్నో పోయాయి. 1997 నుంచి ఈ ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతానికి చిహ్నంగా ఉన్న పక్షిని 2022లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చారు. కనుక గూటి ఫొటోలు వద్దంటే వద్దు. గింజలు చల్లడమూ వద్దు, గుంపులు చేరితే ముక్కూ ఈకలూ పాడయ్యే జబ్బు ఒకదాన్నుంచి మరోదానికి అంటుకుంటుంది. అన్నట్టు, నీలగిరి కొమ్మలు గాలి లేకపోయినా విరిగిపడతాయి. దాని కింద నువ్వు కూర్చున్నావని తెలిస్తే మీ అమ్మకు నేనేం చెప్పుకోను?

కోప్పడ్డానని అలగకు తల్లీ. మా పెరటి కంచెకున్న హాథార్న్ ముళ్లపొదకు జూన్‌లో ఎర్రపళ్లుంటాయి. కిందటేడు మూడు పిట్టలు వచ్చాయి. వంటింటి కిటికీలోంచి చక్కగా కనిపిస్తాయి. పులిహోర కలిపి పెడతాను, కెమెరా పట్టుకుని లోపలే కూర్చో.

మీ పెద్దమ్మ