నలభై లైన్ల కెర్నల్ కోడ్‌తో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: సర్, మాది కాకినాడ. ఈసీఈ ఫైనలియర్. హైదరాబాద్‌లో ఒక చిన్న ఎంబెడెడ్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. నాకు ఇచ్చిన పని ఒక్కటే. సెన్సర్ బోర్డు ఫర్మ్‌వేర్ (ఆ బోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) రాసే లాగ్ బఫర్‌ని లైనక్స్ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) నుంచి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే లైనక్స్‌కి గుండె లాంటి కెర్నల్ లోపలి సంగతులను ఫైళ్లుగా చూపించే చోట, బైనరీ ఫైల్‌గా కనిపించేలా చేయడం. మొత్తం కలిపి నలభై లైన్లు. మా ఫ్రెండ్స్ రెజ్యూమేల నిండా ఏఐ ప్రాజెక్టులే. నాన్నగారేమో బ్యాంక్ కోచింగ్‌లో చేరిపొమ్మంటున్నారు. ఈ పనికి విలువ ఉందా, ఇదే లైన్‌లో వెళ్లొచ్చా?

జవాబు: నలభై లైన్లే అని సిగ్గుపడకమ్మా. నేను పదేళ్లకు పైగా డ్రైవర్లు రాసి ఇటు వచ్చినవాణ్ని, మా దగ్గర వారమంతా కూర్చుని నాలుగు లైన్లు మార్చిన రోజులున్నాయి. నీ రెజ్యూమే చూసేవాడు లైన్లు లెక్కపెట్టడు, ఆ ఫైల్‌ని అక్కడే ఎందుకు పెట్టావని అడుగుతాడు. నా అనుమానం ఏమిటంటే నీకు దానికి జవాబు రాదు, ఎందుకంటే మీ మెంటర్ చెప్పారు, నువ్వు పెట్టావు. అందరం అలాగే మొదలుపెట్టాం, తప్పేం లేదు. కానీ ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఆ జవాబు నీదై ఉండాలి.

కెర్నల్ లోపలి సంగతి బయటికి చూపించడానికి దారులు చాలానే ఉన్నాయి. ప్రాక్‌ఎఫ్‌ఎస్ అసలు ప్రాసెస్‌ల వివరాల కోసం పుట్టింది. సిస్ ఫోల్డర్‌గా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఒక ఫైల్‌కి ఒకే విలువ అనే క్రమశిక్షణ ఉంది, పైగా అక్కడ ఒకసారి పెట్టిన ఫైల్ మీద యూజర్ ప్రోగ్రాములు ఆధారపడతాయి, తర్వాత ఇష్టమొచ్చినట్టు మారుస్తానంటే కుదరదు. ఈ పట్టింపులేవీ లేకుండా డెవలపర్లు తమ అవసరానికి ఏదైనా పడేసుకోవడానికి కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ 2004లో డీబగ్‌ఎఫ్‌ఎస్ తెచ్చాడు. దానికి నియమాలు లేకపోవడమే నియమం. మన ఇళ్లలో అటక లాంటిదనుకో, చుట్టాలు వచ్చి చూసేది కాదు కాబట్టి ఏది ఎక్కడ పెట్టినా ఎవరూ అడగరు. ఫర్మ్‌వేర్ లాగ్ లాంటిది, వచ్చే నెలలో ఫార్మాట్ మారిపోయే అవకాశం ఉన్నది, అటక మీదే ఉండాలి.

నువ్వు వాడినది క్రియేట్ బ్లాబ్ ఫంక్షన్ అయి ఉంటుంది. డేటా ఎక్కడుందో చెప్పే పాయింటర్, సైజు, రెండూ ఒక చిన్న స్ట్రక్చర్‌లో పెట్టి ఇస్తాం, అంతే. అది డేటాని కాపీ చేసుకోదు. ఈ ఒక్క మాట దగ్గరే ఇంటర్వ్యూ అరగంట నడపొచ్చు. ఆ స్ట్రక్చర్‌ని ప్రోబ్ ఫంక్షన్‌లో (డివైస్ దొరకగానే కెర్నల్ పిలిచేది) లోకల్ వేరియబుల్‌గా పెడితే ఏమవుతుంది? ఫంక్షన్ అయిపోగానే ఆ స్టాక్ జాగాలోకి (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) ఇంకెవరో వచ్చేస్తారు, నీ ఫైల్ మాత్రం ఇంకా అదే అడ్రస్ పట్టుకుని కూర్చుంటుంది. ఫర్మ్‌వేర్ ఒకవైపు బఫర్‌లో రాస్తూ ఉంటే ఇంకోవైపు నువ్వు క్యాట్ కమాండ్‌తో ఆ ఫైల్ చదివితే? సగం పాత లాగ్, సగం కొత్తది వస్తుంది. అందుకే ఫర్మ్‌వేర్ ఆగిన క్షణంలో వేరే బఫర్‌లోకి కాపీ తీసి దాన్ని చూపించాలి. నీ కోడ్‌లో అది ఉందా లేదా, వెళ్లి చూసుకో.

నేను కొత్తలో చేసిన ఘనకార్యం కూడా చెప్తాను. మాడ్యూల్ (కెర్నల్‌లోకి ఎక్కించే డ్రైవర్ ముక్క) తీసేసేటప్పుడు డీబగ్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీని కూడా మనమే తీసేయాలి, అది దానంతటది పోదు. నేను మర్చిపోయాను. నా బోర్డు మీద అంతా బాగానే ఉంది, ఎందుకంటే నేను ఎప్పుడూ మాడ్యూల్ తీసి పెట్టేవాణ్ని కాదు, రీబూట్ కొట్టేవాణ్ని. టెస్టింగ్ టీమ్‌లో ఒకాయన మాడ్యూల్ తీసేసి, ఆ తర్వాత ఆ ఫైల్ తెరిచాడు, బోర్డు అక్కడికక్కడే ఊప్స్ (కెర్నల్ తప్పు జరిగినప్పుడు చూపించే సందేశం) అని పడిపోయింది. రెండు రోజులు హార్డ్‌వేర్ వాళ్ల మీద అరిచాం. తప్పు నాది.

సరే, ఇక ఇప్పుడే చేయగల పని ఒకటి. నీ ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంటే సిస్ ఫోల్డర్‌లో బస్, అందులో పీసీఐ (కంప్యూటర్‌లోని డివైస్‌లని కలిపే దారి), అందులో డివైసెస్‌కి వెళ్లు. ఒక్కో డివైస్ కింద కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంటుంది. ఒక ఫైల్‌కి ఒకే విలువ అన్న సిస్‌ఎఫ్‌ఎస్ కూడా, హార్డ్‌వేర్ ఇచ్చింది ఇచ్చినట్టు చూపించాల్సిన చోట ఇలా బైనరీ ఫైల్‌ని ఒప్పుకుంటుంది. మామూలు యూజర్‌గా చదివితే మొదటి 64 బైట్లే వస్తాయి, రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) అయితే మొత్తం. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో మొదటి డివైస్ ఫైల్‌ని హెక్స్‌డంప్‌తో (బైట్లను అంకెలుగా చూపించే కమాండ్) తెరిస్తే మొదట 8086 కనిపిస్తుంది. అవును, మీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో ప్రాణం తీసిన ఆ నంబరే, ఇంటెల్ వెండర్ ఐడీ (తయారీ కంపెనీ నంబరు) అది. అదే ఫైల్‌ని హెక్స్‌డంప్‌కి క్యాపిటల్ సీ (-C) ఆప్షన్ ఇచ్చి తెరువు, ఈసారి 86 80 అని తిరగబడి కనిపిస్తుంది. ఫైల్ మారలేదు, బైట్లు మారలేదు. మరి ఏది నిజం, ఎందుకలా? ఏఎండీ ల్యాప్‌టాప్ అయితే 1022, 22 10 వస్తాయి, ప్రశ్న మాత్రం అదే. దీనికి సొంత మాటల్లో జవాబు చెప్పగలిగితే బైనరీ ఫైల్ అంటే ఏమిటో నీకు అర్థమైనట్టే.

ఇంకో సంగతి, సెక్యూరిటీ. ఇలాంటి డంప్‌లో (మెమరీని ఉన్నదున్నట్టు బయటికి తీసిన కాపీలో) కెర్నల్ అడ్రస్‌లు, ఒక్కోసారి ఎన్‌క్రిప్షన్ కీలు కూడా బయటపడిపోతాయి. అందుకే డీబగ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా రూట్‌కి తప్ప తెరుచుకోదు, కెర్నల్ లాక్‌డౌన్ ఆన్‌లో ఉంటే రూట్‌కి కూడా ఆంక్షలుంటాయి, ఆండ్రాయిడ్ అయితే అమ్మకానికి వెళ్లే ఫోన్లలో దాన్ని దూరం పెడుతుంది. మరి కస్టమర్ దగ్గర క్రాష్ అయితే డంప్ ఎలా తెస్తావు అని అడుగుతారు. దానికి డెవ్‌కోర్‌డంప్ అని ఒకటుంది, వైఫై డ్రైవర్లు చాలావరకు అదే వాడతాయి. క్రాష్ అవగానే డేటా ఫైల్ ఒకటి పుడుతుంది, ఎవరూ పట్టించుకోకపోతే మామూలుగా ఐదు నిమిషాల్లో అదే మాయమవుతుంది. ‘మా కంపెనీలో డీబగ్‌ఎఫ్‌ఎస్ వాడాం, నేనే మళ్లీ చేస్తే ప్రొడక్ట్ కోసం డెవ్‌కోర్‌డంప్ వాడతాను’ అన్న అమ్మాయిని ఫ్రెషర్ అనుకుని తీసిపారేయడం కష్టం.

కంపెనీ కోడ్‌ని మాత్రం గిట్‌హబ్‌లో పెట్టకు. స్క్రీన్‌షాట్ కూడా వద్దు. అదే పనిని ఇంట్లో మళ్లీ చేయి, బోర్డు కొనక్కర్లేదు. క్యూఈఎంయూలో (ల్యాప్‌టాప్‌లోనే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) ఈడీయూ అని నేర్చుకునేవాళ్ల కోసమే తయారుచేసిన ఉత్తుత్తి పీసీఐ డివైస్ ఉంది, అందులో 4096 బైట్ల డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డివైస్ నేరుగా మెమరీని వాడుకోవడం) బఫర్ ఉంటుంది. దానికి డ్రైవర్ రాసి, ఆ బఫర్‌ని డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో చూపించి, ముందు ఒక చిన్న హెడర్ పెట్టి (వెర్షన్, పొడవు, టైమ్), దాన్ని విడదీసి చదివే పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాయి. సెలవుల్లో నెల రోజుల పని.

ఇక ఉద్యోగాల మాట. క్యాంపస్‌కి వచ్చి వందలమందిని తీసుకునే సర్వీస్ కంపెనీలు దీని గురించి అడగవు, అక్కడ యాప్టిట్యూడ్, కోడింగ్ టెస్టే దారి. ఈ పని కావలసింది చిప్ కంపెనీలకి, వాటికి సర్వీస్ చేసే చిన్న కంపెనీలకి. హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్‌విడియా లాంటివాటికి పెద్ద ఇంజనీరింగ్ సెంటర్లున్నాయి, బెంగళూరు సంగతి చెప్పక్కర్లేదు. ‘కెర్నల్ డెవలపర్’ అని వెతికితే ఫ్రెషర్ పోస్టులు పెద్దగా దొరకవు, డివైస్ డ్రైవర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్), ఎంబెడెడ్ లైనక్స్, ఫర్మ్‌వేర్ అని వెతుకు. మొదటి ఉద్యోగం ఆలస్యం కావచ్చు, మొదటి జీతం నీ ఫ్రెండ్స్ కంటే తక్కువ ఉండొచ్చు, దానికి ఇంట్లో ముందే సిద్ధం చేసి పెట్టు. ఏఐ వాళ్లని చూసి టెన్షన్ పడకు, వాళ్ల మోడల్ నడిచే చిప్‌కి కూడా డ్రైవర్ ఎవరో ఒకరు రాయాల్సిందే.

నాన్నగారితో గొడవ పడొద్దు. బ్యాంక్ కోచింగ్ వద్దు అనకుండా, ఒక ఏడాది గడువు అడుగు. ఆరు నెలలకి ఎన్ని చోట్ల అప్లై చేశావు, ఎన్ని ఇంటర్వ్యూలు వచ్చాయి అని కాగితం మీద రాసి చూపిస్తానని చెప్పు. ఏడాదికి కూడా ఇంటర్వ్యూ కాల్సే రాకపోతే అప్పుడు ఆయన మాట విను. మొహమాటానికి చెప్పడం లేదు, నిజంగానే విను.

రెజ్యూమేలో ఆ లైన్ ఎలా రాయాలని కూడా అడుగుతావని తెలుసు. ముందు ఆ 8086, 86 80 సంగతి ఐదు వాక్యాల్లో రాసి పంపు. అది చూశాక ఆ లైన్ ఇద్దరం కలిసి రాద్దాం.