కోల్‌కతాలో చివరి రోజు: పదింటికి లాడ్జి ఖాళీ చేయాలి, రైలు రాత్రికి. చేతిలో ఐదొందలు. పగలంతా ఎక్కడ గడపాలి?

అచ్చం ఇలాంటి రోజే నేనూ గడిపానండి. సడ్డర్ స్ట్రీట్ పక్క సందులో లాడ్జి, పొద్దున పదింటికి గది ఖాళీ చేయమన్నారు. రాత్రి బాగా పొద్దుపోయాక హౌరాలో చెన్నై మెయిల్, దిగేది రాజమండ్రిలో. నా జేబులో ఉన్నవీ మీ అంతే. డబ్బులకు ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా బ్యాగుతోనే వచ్చింది.

ముందు ఒక్కసారి టికెట్ తీసి స్టేషన్ పేరు చూసుకోండి. మన వైపు వచ్చే రైళ్లన్నీ హౌరా నుంచే బయల్దేరవు. ఫలక్‌నుమా హౌరా నుంచే, కానీ కోరమాండల్, ఈస్ట్ కోస్ట్ షాలిమార్‌కు మారాయి. పాత అలవాటుతో హౌరాకు వెళ్లి అక్కడ తెల్లమొహం వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మీది హౌరాయే అనుకుని మిగతాది రాస్తున్నాను.

నేను చేసిన తప్పు ఏమిటంటే, బ్యాగు లాడ్జి కౌంటర్‌లో పెట్టేసి ఊరు తిరగడానికి పోయాను. ఉచితంగా పెట్టుకుంటామన్నారు కదా అని. సాయంత్రం ఆరింటికి మళ్లీ లాడ్జికి వచ్చి, బ్యాగు తగిలించుకుని హౌరా బస్సెక్కాను. బడా బజార్ దగ్గర బస్సు ఆగింది. ఆగిందంటే ఆగిందే. తోపుడు బళ్లు, మూటలు మోసే కూలీలు, లారీలు, వీటి మధ్యలో మా బస్సు. ముప్పావుగంట చూసి దిగి నడిచాను. రైలుకు ఇంకా నాలుగు గంటలుంది, అయినా టెన్షన్ ఆగలేదు. 1943లో మొదలైన హౌరా వంతెనకు నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్లతోనే కట్టారు, నదిలో ఒక్క స్తంభం కూడా లేదు. వీపు మీద పన్నెండు కిలోలు ఉన్నప్పుడు ఇవేవీ కనబడవు. 705 మీటర్లు అన్న అంకె మాత్రం బాగా తెలుస్తుంది.

అందుకని మీరు తిరగేసి చేయండి. గది ఖాళీ చేయగానే బ్యాగుతో నేరుగా హౌరాకు పోయి క్లోక్ రూమ్‌లో పడేయండి. టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి, బ్యాగుకు తాళం ఉండాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు, కాబట్టి ముందే ఒకటి కొని పెట్టుకోండి. పోవడానికి ఇప్పుడు మెట్రో ఉంది. 2024 మార్చిలో ఎస్ప్లనేడ్ నుంచి హౌరాకు నది అడుగున మొదలైంది. నేను వెళ్లినప్పుడు అది లేదు. ఉండి ఉంటే ఇంత రాయాల్సిన పనే ఉండేది కాదు. హౌరా మెట్రో స్టేషన్ ముప్ఫై మీటర్ల పైగా లోతున ఉంది, ఎస్కలేటర్ల మీద పైకి వచ్చేసరికే కాసేపు పడుతుంది.

ఇక చేతులు ఊపుకుంటూ అదే వంతెన నడిచి దాటండి, అప్పుడు బాగుంటుంది. దాటగానే కింద మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. కడియపులంక పూల మార్కెట్ చూస్తూ పెరిగినవాణ్ని, పూలంటే నాకు పెద్ద వింతేం కాదు. అయినా అక్కడ బంతి దండలు మోకుల్లా చుట్టి తల మీద పెట్టుకుని మనుషులు పరుగెడుతుంటే పక్కకు తప్పుకుని చాలాసేపు నిలబడిపోయాను. నేల అంతా బురద, చెప్పులు జాగ్రత్త.

అక్కడి నుంచి ఎంజీ రోడ్డు పట్టుకుని నేరుగా నడిస్తే కాలేజ్ స్ట్రీట్. మీ రోజులో సగం ఇక్కడే ఖర్చు పెట్టమంటాను. పాత పుస్తకాల దుకాణాలు ఫుట్‌పాత్ పొడుగునా ఉంటాయి. ఆదివారమైతే చాలావరకు మూసి ఉంటాయి. సోమవారమైతే ఇండియన్ మ్యూజియం మూసి ఉంటుంది. నాది సోమవారం. ముందురోజు ‘మ్యూజియం రేపు చూద్దాంలే’ అనుకున్నది నేనే.

భోజనం అక్కడే భవానీ దత్తా లేన్‌లో స్వాధీన్ భారత్ హిందూ హోటల్‌లో చేయండి. ఇలాంటివాటిని అక్కడ పైస్ హోటల్ అంటారు. అన్నం, పప్పు, కూర, చేప దేనికి దానికే లెక్క, అరిటాకుకు కూడా విడిగా వేస్తారు. మనలాగా ‘ఫుల్ మీల్స్, అన్‌లిమిటెడ్’ అనుకుని ఊరికే చెయ్యి ఊపితే బిల్లు పెరుగుతుంది. పప్పు, రుయి చేప పులుసు చెప్పుకున్నాను. రుయి అంటే మన శీలావతే. తింటుంటే గుర్తొచ్చింది, భీమవరం, కైకలూరు చెరువుల చేపే కదా ఐసు పెట్టెల్లో ఈ ఊరికి లారీల మీద వచ్చేది! మన ఊరి చేపను వీళ్ల ఆవాలూ వీళ్ల నూనెతో తినడానికి ఇంత దూరం వచ్చానన్నమాట.

తిన్నాక ఎదురుగా కాఫీ హౌస్ మేడ మీద కూర్చోండి. కాఫీ గురించి గొప్పగా చెప్పలేను, రాజమండ్రిలో ఏ చిన్న హోటలైనా ఇంతకంటే బాగా ఇస్తుంది. కానీ ఒక కప్పు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నా లేవమన్నవాళ్లు లేరు. గది లేని మనిషికి అంతకంటే ఏం కావాలి. ఎండ తగ్గాక కిందికి దిగి, ఎస్ప్లనేడ్ ట్రామ్ వస్తే ఎక్కండి. మిగిలినవి ఒకటి రెండు రూట్లే, రాకపోతే దాని కోసం గంటలు కాచుకోకండి. ఇంటికి ఏదైనా పట్టుకెళ్లాలంటే ఎస్ప్లనేడ్‌లో కె.సి.దాస్ రసగుల్లా డబ్బా కొనండి. మట్టి కుండలో కొన్నది పై బెర్తు ఎక్కేలోపు కారుతుంది. ఎవరి బ్యాగులో కారిందో అడగొద్దు.

వెలుగు ఉండగానే బాబూఘాట్‌కు నడిచి ఫెర్రీ ఎక్కండి. నాలుగు చిల్లర పైసలకు హౌరా స్టేషన్ ముందే దింపుతుంది. ఆఖరి ఫెర్రీ ఎప్పుడో టికెట్ ఇచ్చేవాణ్ని అడగండి. అది తప్పిపోతే మెట్రో ఉంది, బస్సు జోలికి మాత్రం పోవద్దు. స్టేషన్‌లో డబ్బులిచ్చి స్నానం చేసి, ఫోను ఛార్జింగ్ పెట్టుకుని, బ్యాగు విడిపించుకోండి. మన వైపు రైళ్లు సాధారణంగా కొత్త కాంప్లెక్స్ నుంచి, అంటే పదిహేడో నంబరు నుంచి ఉండే ప్లాట్‌ఫారాల నుంచి వెళ్తాయి. పాత కాంప్లెక్స్‌లో కూర్చుని ఉంటే సామానుతో కాస్త నడక తప్పదు, బోర్డు ముందే చూసుకోండి.

ఇంకొకటి. ఎక్కగానే నిద్ర ముంచుకొచ్చి ఒరిగిపోయాను. అర్ధరాత్రి దాటాక ఖరగ్‌పూర్‌లో ఎవరో తట్టి లేపి, ‘బాబూ, ఈ బెర్తు మాది’ అన్నారు, స్వచ్ఛమైన శ్రీకాకుళం యాసలో. రైల్వే పనులకని తరాల కిందట వెళ్లి అక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు. టికెట్ తీసి చూస్తే నాది అవతలి వైపు బెర్తు.