మనకు ఎంత వచ్చో మనకే ఎలా తెలుస్తుంది?

"ఒకరోజు ఈ పని నాకంటే బాగా ఎవరికీ రాదనిపిస్తుంది. మర్నాడు అసలు నాకేమీ రాదనిపిస్తుంది. నిజంగా నాకు ఎంత వచ్చో తెలుసుకోవడం ఎలా?" అని అడిగారు మీరు. చాలా ఏళ్లుగా ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న నాకూ ఆ పనిలోనే ఎదురైంది కాబట్టి అక్కడి నుంచే చెబుతాను.

పనిలో చేరిన రెండో ఏడాదికల్లా నా చేతుల మీదుగా వెళ్లిన పేజీలో తప్పు ఉండదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. అలాంటి రోజుల్లో ఒక పాఠ్యపుస్తకం ప్రూఫులు దిద్ది ఇచ్చాను. వాటిని రెండోసారి చూసిన సీనియర్ మేడమ్ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పేజీ తీసి ఎర్రసిరా గుర్తు మీద వేలు పెట్టారు. కంపోజ్ చేసినవాళ్లు "విద్యార్థి" అని సరిగ్గానే కొట్టారు. నేను ఆ "థ" కొట్టేసి "ధ" పెట్టాను. రెండు లైన్ల కింద "ప్రార్థన"దీ అదే గతి. ఒక్క పేజీలో నాలుగు చోట్ల ఒప్పును తప్పు చేశాను. "అర్థం అంటే భావం. అర్ధం అంటే సగం. మీరు రెండూ ఒకటే అనుకుంటున్నట్టున్నారు" అన్నారావిడ నెమ్మదిగా. నిజమే. చిన్నప్పటి నుంచీ "నాకు అర్ధం కాలేదు" అనే రాస్తూ వచ్చాను.

తప్పు చేసినందుకు బాధపడ్డాను, అది రెండు రోజుల్లో పోయింది. ఇంకో విషయం మాత్రం చాలాకాలం వదల్లేదు. ఆ నాలుగు చోట్లా పెన్ను పెట్టినప్పుడు నాకు పిసరంత అనుమానం కూడా రాలేదు. నిజమైన తప్పును దిద్దినప్పుడు ఎంత ధీమాగా ఉన్నానో, ఒప్పును చెడగొట్టినప్పుడూ అంతే ధీమాగా ఉన్నాను. లోపల ఆ రెండింటికీ తేడా ఏమీ తెలియలేదు. అంటే "నాకు వచ్చు" అనే ఆ భావన నాకు ఎంత వచ్చో చెప్పడం లేదన్నమాట.

తర్వాత ఈ విషయం గురించి చదివాను. 1999లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జస్టిన్ క్రూగర్, డేవిడ్ డన్నింగ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు తర్కం, వ్యాకరణం లాంటి పరీక్షలు పెట్టి, ఎంత బాగా రాశామనుకుంటున్నారో అడిగారు. అందరినీ మార్కుల వరుసలో నిలబెడితే అట్టడుగు పావువంతు మంది సగటున, కింది నుంచి లెక్కపెడితే, వందకు 12వ స్థానంలో ఉన్నారు. వాళ్లు మాత్రం 62వ స్థానంలో ఉన్నామనుకున్నారు. ఆ శాస్త్రవేత్తలు చెప్పిన కారణం సులువైనదే: పని సరిగ్గా చేయడానికి ఏ తెలివి కావాలో, చేసింది సరిగ్గా ఉందో లేదో పట్టుకోవడానికీ ఆ తెలివే కావాలి. నా విషయంలో జరిగింది ఇదే. "థ"కీ "ధ"కీ తేడా తెలిసి ఉంటే తప్పు చేసేవాణ్ని కాదు. తెలియదు కాబట్టి చేశాను, తెలియదు కాబట్టే చేసినట్టు కూడా తెలియలేదు.

అదే పరిశోధనలో చాలామంది చెప్పని మంచి మాట ఇంకొకటి ఉంది. వెనకబడినవాళ్లలో కొందరికి తర్కంలో కాస్త శిక్షణ ఇస్తే, తాము ముందు రాసిన పరీక్ష ఎంత బాగాలేదో వాళ్లే గుర్తుపట్టారు. కాబట్టి నేర్చుకుంటున్నకొద్దీ "నాకేమీ రాదేమో" అనే దిగులు పెరిగితే భయపడకండి. అది చాలావరకు చూపు పదునెక్కుతున్న గుర్తు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దీన్ని "డన్నింగ్-క్రూగర్ ఎఫెక్ట్" అంటారు, ఆ పేరు మీద ధీమా మొదట కొండలా లేచి తర్వాత లోయలోకి దిగినట్టు చూపే బొమ్మ ఒకటి బాగా తిరుగుతోంది. ఆ బొమ్మ వాళ్లు రాసిన అసలు పరిశోధన పేపర్లో లేదు. పైగా ఆ తేడాలో కొంత భాగం వట్టి లెక్క వల్లే వస్తుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. అట్టడుగున ఉన్నవాడి అంచనా తప్పితే ఎక్కువకే తప్పాలి, తక్కువకు తప్పడానికి చోటుండదు కదా. వాదన ఇంకా నడుస్తోంది. అందుకే ఆ పేరును ఎదుటివాళ్లను మూర్ఖులనడానికి వాడటం నాకు నచ్చదు. వాడుకుంటే మన పని చూసుకోవడానికే వాడుకోవాలి.

ఇక నేనేం చేశానంటే, ప్రూఫు ముగించి ఇచ్చే ముందు మొదటి పేజీ మూలన పెన్సిల్‌తో ఒక అంకె వేయడం మొదలుపెట్టాను. నేను చూశాక కూడా ఇంకా ఎన్ని తప్పులు మిగిలి ఉంటాయన్న నా అంచనా అది. రెండోసారి చూసినవాళ్ల దగ్గర నుంచి పేజీలు వచ్చాక పక్కన అసలు లెక్క రాసేవాణ్ని. మొదట్లో రెండు అని రాస్తే తొమ్మిది వచ్చేవి. నెల తిరిగాక ఆ కాగితాలన్నీ పరిచి చూస్తే నేను ఊహించనిది కనిపించింది. కథలు, వ్యాసాల్లో నా అంచనా దాదాపు సరిపోయింది. పట్టికలు, అంకెలు ఉన్న పేజీల్లో ఘోరంగా తప్పింది, ఎందుకంటే వాటిని తేలికనుకునేవాణ్ని. నేను భయపడే పెద్ద పెద్ద సమాసాల పేజీల్లోనేమో పది అని రాస్తే మూడే వచ్చాయి. "ప్రూఫ్ రీడింగ్ నాకు వచ్చా, రాదా" అని అంతకాలం నన్ను నేను అడిగిన ప్రశ్నే సరైనది కాదని అప్పుడు తెలిసింది. అది ఒక పని కాదు, పది పనులు.

మీరు చెప్పిన ఊగిసలాటకు కూడా కారణం ఇక్కడే ఉండొచ్చు. క్రూగరే 1999లో వేరే పేపర్లో చూపించాడు: డ్రైవింగ్ లాంటి తేలికనిపించే పనుల్లో చాలామంది తాము సగటు కంటే మెరుగనుకుంటారు, ప్రోగ్రామింగ్ లాంటి కష్టమనిపించే పనుల్లో సగటు కంటే తక్కువనుకుంటారు. నాకు కష్టంగా ఉంటే అందరికీ కష్టంగానే ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తురాదు. "నాకేమీ రాదు" అనిపించిన రోజున మీరు ఏ పని చేస్తున్నారో ఒకసారి రాసి చూసుకోండి.

చదువుకునేవాళ్లైతే ఇది కూడా పనికొస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని పదే పదే చదివారు, కొందరు ఒక్క విడత చదివి మూడుసార్లు పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాశారు. బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమా పడింది మొదటివాళ్లే. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రెండోవాళ్లకు 61 శాతం. కళ్లకు అలవాటైన పేజీ వచ్చేసినట్టే అనిపిస్తుంది. నాకూ అంతే, మూడోసారి చూసే పేజీ నున్నగా జారిపోతుంది, తప్పులు అక్కడే దాక్కుంటాయి.

ఇతరులను అడగడం మంచిదే, కానీ "నేను బాగా చేస్తున్నానా?" అని అడగకండి. మొహమాటానికి బాగుందనేస్తారు. "ఈ పేజీలో మీరైతే ఏం మారుస్తారు?" అని అడగండి. ఆ మేడమ్‌ను నేను ఏళ్ల తరబడి అదే అడిగాను, ప్రతిసారీ ఏదో ఒకటి చూపించారు.

మీ పనేమిటో మీరు చెప్పలేదు. ఏదైనా సరే, ఫలితం తెలియక ముందే ఒక అంకె రాసుకోగలిగిన ముక్కను అందులోంచి ఎంచుకోండి: ఎన్ని రోజులు పడుతుంది, ఎన్ని మార్కులు వస్తాయి, ఎన్ని తప్పులు మిగులుతాయి. మనసులో అనుకుంటే చాలదు, కాగితం మీద రాయాలి. మనసులోని అంకె ఫలితం తెలియగానే మారిపోతుంది.

నేను ఇప్పటికీ రాస్తున్నాను. ఈమధ్య దిద్దిన పుస్తకానికి మూడు అని వేశాను, నాలుగు వచ్చాయి. ఆ నాలుగోది ఒక అధ్యాయం పేరులో, పెద్ద అక్షరాల్లో ఉంది. ఇప్పుడు శీర్షికలన్నీ విడిగా తీసి, చివర్లో పైకి చదువుతున్నాను.