కోన్లని దాటేస్తారు, మనిషి ఎదురైతే ఆగిపోతారు

ప్రశ్న: సార్ నమస్తే. కామారెడ్డి వైపు ఒక గవర్నమెంట్ హైస్కూల్లో పీఈటీగా చేస్తున్నా. ఎనిమిది, తొమ్మిది క్లాసుల పిల్లలు ఓ ఇరవై మందికి ఫుట్‌బాల్ నేర్పిస్తున్నా, ఆడపిల్లలు కూడా ఉన్నారు. కోన్లు పెడితే వాటి మధ్య నుంచి చకచకా డ్రిబుల్ చేసుకుంటూ, అంటే బాల్‌ని కాలితో తోసుకుంటూ పోతారు, మ్యాచ్‌లో డిఫెండర్ ఎదురొస్తే మాత్రం బాల్ పోగొట్టుకోవడమో, భయపడి వెనక్కి తన్నేయడమో. యూట్యూబ్ చూసి స్టెప్ ఓవర్ (బాల్ మీంచి కాలు తిప్పి ఎదుటివాణ్ని మోసం చేసే ట్రిక్కు) కూడా నేర్పించా, మ్యాచ్‌లో పనికి రావట్లేదు. ఏం చెయ్యాలి?

జవాబు: మేడమ్, కోన్ల దగ్గరే ఉంది తిరకాసంతా. కోన్ కదలదు, మీద పడదు, మోసపోదు. వాటితో బాల్ మీద కంట్రోల్ వస్తుంది, అంతవరకే. మనిషిని దాటడమంటే వాడి బరువు ఒక కాలి మీద పడేలా చేసి రెండో వైపు నుంచి వెళ్లిపోవడం, అది మనిషి ఎదురుగా ఉంటేనే వస్తుంది.

ఇది మీ పిల్లలకి కొత్తేం కాదు, కబడ్డీ గుర్తు చేయండి. కూతకెళ్లినోడు ఎడమ కార్నర్ మీదికి ఒక్క అడుగు గట్టిగా వేస్తాడు, అందరి చూపూ అటు పోతుంది, అంతలో కుడివైపు వాణ్ని ముట్టుకుని వచ్చేస్తాడు కదా. అదే ఇక్కడ బాల్‌తో చేయాలి.

మా గ్రౌండ్‌లో తొమ్మిదో క్లాస్ అమ్మాయి ఒకతి ఉండేది, నెల రోజులు ఒక్కర్నీ దాటలేదు. ఓరోజు ఆట ఆపి, "బాల్‌ని కాదమ్మా, ఆ పిల్ల మడమలు చూడు" అన్నా. తర్వాతి సారి మెల్లగా వెళ్లింది, భుజం ఎడమకి వాల్చింది, ఎదుటి పిల్ల మడమ నేల మీంచి లేచింది చూడండి, వెంటనే బూటు బయటి అంచుతో బాల్‌ని కుడివైపు రెండు గజాలు నెట్టి పరుగెత్తింది. అంతే, ట్రిక్కు ఏమీ లేదు, మెల్లగా ఉన్న పిల్ల ఒక్కసారిగా స్పీడ్ అందుకుంది. మన పిల్లలు చేసే పెద్ద పొరపాటు ఇదే, మొదట్నుంచీ ఫుల్ స్పీడ్‌లో వస్తారు, ఇంక పెంచడానికి ఏం మిగులుతుంది?

ఎక్కడ మొదలెట్టాలన్నది కూడా నేర్పాలి. డిఫెండర్‌కి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో కదలాలి, ఇంకా దగ్గరికెళ్తే కాలికి అందుతుంది, దూరంగా చేస్తే వాడికి సర్దుకునే టైం దొరుకుతుంది. డిఫెండర్ పక్కకి తిరిగి ఒక కాలు ముందుకేసి నిలబడితే ఆ ముందు కాలి వైపు నుంచే పొమ్మనండి, వాడు నడుము మొత్తం తిప్పుకోవాల్సి వస్తుంది. దాటాక ఊరికే పరుగెత్తకుండా వాడి దారికి అడ్డంగా వచ్చేయాలి, లేకపోతే నాలుగు అడుగుల్లో మళ్లీ పట్టేస్తాడు.

ప్రాక్టీస్‌కి ఒకరి మీద ఒకర్ని ఆడించండి, పదిహేను మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చాలు. డిఫెండర్ వెనక రెండు మూలల్లో రెండు చిన్న గోల్స్ పెట్టండి, ఒకటి మూసేస్తే రెండోదానికి తిరగొచ్చు, అప్పుడే మోసం చెయ్యాలన్న ఆలోచన పుడుతుంది. ఒక్కో పోటీ పది సెకన్లు, తర్వాత అరనిమిషం పైనే రెస్ట్, అలిసిపోయిన కాళ్లతో ఇది నేర్చుకోలేరు. మొదటివారం డిఫెండర్‌ని నడవమనండి, పరుగెత్తొద్దు.

ట్రిక్కులు పది అక్కర్లేదు మేడమ్. 1958, 1962 వరల్డ్ కప్పులు గెలిచిన బ్రెజిల్ టీంలో గరించా ఉండేవాడు, పుట్టుకతోనే కాళ్లు వంకర. ఎక్కువగా కుడివైపు నుంచే దాటేవాడు, అది అందరికీ తెలుసు, అయినా ఆపడం కష్టమయ్యేది. ఒక్కో పిల్లకి ఒక్క మూవ్ పక్కాగా రానివ్వండి, రెండో కాలితో కూడా చేయించండి. మన హైదరాబాద్ రహీం సాబ్, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియాకి గోల్డ్ తెచ్చిన కోచ్, ఆయన కూడా మీలాగే స్కూల్లో పాఠాలు చెప్పినాయనే. బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారు.

ఇంకోటి, ఈ వయసులో ఉన్నట్టుండి పొడుగవుతారు, మొన్నటిదాకా బాగా ఆడిన పిల్లాడికి సడన్‌గా కాళ్లు తడబడతాయి. తిట్టకండి, కొన్నాళ్లకి సర్దుకుంటుంది. మోకాలి చిప్ప కింద నొప్పి అంటే మాత్రం ఆట తగ్గించి డాక్టర్‌కి చూపించండి. ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడు ఆడపిల్లల మోకాలు లోపలికి వాలుతుందేమో చూడండి, మోకాలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్ తెగేది ఎక్కువగా అక్కడే. ఇలాంటి దెబ్బలు తగ్గడానికి ఫిఫా 11+ అని ఇరవై నిమిషాల వార్మప్ ఉంది, నెట్‌లో ఫ్రీ, తప్పకుండా చేయించండి.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మనిషిని దాటబోతే చాలు లైన్ బయట నుంచి పేరెంట్సంతా "పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు" అని అరుస్తారు, అందులో నేనూ ఉన్నా. ఇప్పుడు దాటడమే మానేసింది.

జవాబు: అన్నా, చెప్పుకున్నందుకు సంతోషం. మన గోల్ ముందు పాస్ ఇవ్వాల్సిందే, అక్కడ పోతే గోల్ పడుతుంది. ఎదుటోళ్ల గోల్ దగ్గర, సైడ్ లైన్ పక్కన ఒక్కతే డిఫెండర్ ఉంటే దాటనివ్వండి, పోతే పోయింది. ఆ పిల్లకి ఇవాళే చెప్పండి, "వచ్చే మ్యాచ్‌లో అక్కడ ఐదుసార్లు ట్రై చెయ్, ఎన్నిసార్లు పోగొట్టుకున్నావో నేను లెక్కపెట్టను" అని. మిగతా పేరెంట్స్‌కి కూడా మీరే చెప్పండి, మీ మాటైతే వింటారు.