నీళ్లొచ్చాక ఎంత చాలు అని ఎలా తెలుసుకోవాలి?

తమ్ముడూ, కాలువ నీళ్లొచ్చి రాబడి పెరిగినా మనసు కుదురుగా ఉండట్లేదని, అయినా ఇంకో ఐదెకరాలు కౌలుకు పట్టాలని ఉందని రాశావు. నాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె, నాకు జరిగింది చెప్తాను.

మా నాయిన పాలమూరు లేబరుగా పుణె, బొంబాయి తిరిగి మట్టి పనులు చేసిన మనిషి. ఉన్న నాలుగెకరాల్లో వాన పడితే జొన్న, కంది, పడకపోతే మళ్లీ వలసే. కల్వకుర్తి లిఫ్టులో శ్రీశైలం వెనక నీళ్లను ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు దగ్గర మూడుసార్లు ఎత్తిపోస్తే అవి మా చెరువు దాకా వచ్చాయి, ఆ రోజు నాయిన కట్ట మీద కూర్చొని ఏడ్చాడు. ఆకలి చూసిన ఇల్లు కదా, నీళ్లు కనబడగానే నేను ఆగలేకపోయాను. వానాకాలం, యాసంగి రెండూ వరే, పైగా బోరున్న మూడెకరాలు కౌలు. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చాక రాత్రి మోటరు కోసం లేచే బాధ పోయింది, కానీ నేనే ఇంటికి పోవడం మానేశాను. మూడు పూటలా తెల్లన్నం, టెన్షన్, నలభై రెండేళ్లకే షుగర్.

ఒక యాసంగి ఎండలు ముదిరాక కౌలు చేనులో బోరు ఎండింది, పైరు పొట్ట దశలో మాడిపోయింది, కౌలు మాత్రం కట్టాల్సిందే. ఆ రాత్రి నా భార్య ఒక్కటే అంది, "నీళ్లు లేనప్పుడు మనం కలిసి తినేటోళ్లం" అని. అది ఇప్పటికీ నా గుండెలో ఉంది.

అప్పటి నుంచి ఎంత వేయాలో విత్తనాలు కొనకముందే ఇంట్లో అందరం కూర్చొని తేల్చుకుంటాం, ఎందుకంటే చేను పచ్చబడ్డాక, పక్కోడు ట్రాక్టర్ కొన్నాక నిదానంగా ఆలోచించడం నా వల్ల కాదు. యాసంగిలో రెండెకరాలే వరి, ఎకరంన్నర పల్లి, అరెకరం జొన్న, కౌలు లేదు. రాబడి తగ్గింది, అది నిజమే. రాత్రి జొన్నరొట్టె అందరం కలిసి తింటాం, షుగర్ అదుపులో ఉంది, మందులు కూడా వేసుకుంటున్నాను.

నువ్వు ఇంకా బయానా ఇవ్వలేదన్నావు కాబట్టి ముందు ఆ ఐదెకరాల బోరు ఏప్రిల్‌లో ఎన్ని గంటలు పోస్తుందో పాత కౌలుదారుని అడుగు, ఆ తర్వాత మరదలిని కూడా అడుగు.